అంగీ మార్చుకున్న తమ్ముడు

మాసన్ లేక్స్,
ఏప్రిల్ 14.

ప్రియమైన శేషూ,

ఈ కవరు చింపకుండానే నువ్వు చెత్తబుట్టలో వేస్తావేమో. అయినా రాస్తున్నాను. నా ఫోను నంబరు బ్లాక్ చేశావు, మీ బావగారిదీ ఆపేశావు. పోయిన వారం క్రాన్‌బర్న్ వచ్చి మీ తలుపు ముందు నిలబడితే రామచంద్ర గారు బయటికొచ్చి, "ఇప్పుడు కాదు వదినగారూ, ఆవిడ మిమ్మల్ని చూసే స్థితిలో లేదు" అన్నారు. వెనక్కి వచ్చేశాను. ఇక మిగిలింది పోస్టు ఒక్కటే.

ఆ శనివారం మైదానంలో నువ్వు లేవు, నేనూ లేను. మా ఆదర్శ్ ఉన్నాడు. వాడు పోలీసులకు చెప్పిందే నాకూ చెప్పాడు. అది నా నోటి నుంచి కూడా నీకు తెలియాలి.

అడిలైడ్ క్లబ్బూ మీ వైపు క్లబ్బూ కవచాలు తొడుక్కుని కత్తులాట ఆడే ఆ మధ్యయుగపు ఫెయిర్‌లో తలపడుతున్నాయి. జయంత్ ఉదయం పోటీల్లో తన పసుపు అంగీ వేసుకుని ఆడాడు. మధ్యాహ్నం దిగనని అన్నతో చెప్పాడు. ఆదర్శ్ నమ్మాడు. ఈలోగా వెంకీ అనే జట్టు కుర్రాడి కాలు బెణికితే, వాడి నల్ల అంగీ, వాడి హెల్మెట్ తగిలించుకుని జయంత్ బరిలోకి వచ్చాడు. ఇనుప ముసుగు దించుకున్నాక లోపల ఉన్నది ఎవరో తెలియదు. కత్తులు మొద్దువే. కాని ఆ హెల్మెట్ జయంత్ తలకు వదులు. ఆదర్శ్ కొట్టిన దెబ్బ తల వెనక తగిలింది.

మన బిడ్డలిద్దరూ అన్నదమ్ములే శేషూ. కావాలని కొట్టాడని నువ్వు అనుకోవని నాకు తెలుసు.

ఆదర్శ్ బాగానే ఉన్నాడు. యూనివర్సిటీకి వెళ్తున్నాడు. ఎక్కువ మాట్లాడడు, అంతే.

ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

నీ
ఉదయక్క


క్రాన్‌బర్న్,
మే 9.

ఉదయలక్ష్మి గారికి,

కవరు చింపాను. తిట్టమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మీ అబ్బాయి కావాలని కొట్టలేదు. ఆ సంగతి పోలీసులు చెప్పారు, లాయరు చెప్పాడు, మా ఆయన రోజూ చెబుతారు. ఇప్పుడు మీరూ చెప్పారు. మరి నా కొడుకు వేరేవాడి అంగీ ఎందుకు వేసుకున్నాడు? అది మీకు తెలుసు. మీరు రాయలేదు.

ప్రతి జనవరి సెలవులకీ వీళ్ళిద్దరూ మీ ఇంట్లో ఉండేవారు. మీరు యూనిలో పాఠం చెప్పే పాత వీరుల కథలన్నీ వీళ్ళకు తెలుగులో చెప్పేవారు. గుర్రాలు, కోటలు, మాంత్రికులు. గిన్నెల మూతలు డాళ్ళు చేసుకుని పెరడంతా తిరిగేవారు. అన్నిట్లోకీ మా వాడికి ఇష్టమైంది ఎడ్మర్, ఓస్విన్ అన్నదమ్ముల కథ. ఎడ్మర్ తమ్ముడితో కత్తి ఆడేటప్పుడు చెయ్యి ఆపుకుంటాడు. ఓస్విన్‌కి అది అవమానం. అడవిలో మాంత్రికుడి దగ్గరికి వెళ్ళి, ఎవరూ గుర్తుపట్టని నల్ల అంగీ అడుగుతాడు. అది తొడుక్కుని అన్న మీదికి వెళ్తాడు. చివరి దెబ్బ ముందు ఓస్విన్‌కి నవ్వు వస్తుంది. ఆ నవ్వు గుర్తుపట్టి ఎడ్మర్ కత్తి పారేస్తాడు. మా వాడు ఎన్నిసార్లు చెప్పించుకున్నాడు మీ చేత!

అసలు కథలో నవ్వు లేదని, తమ్ముడు చచ్చిపోతాడని పెద్దయ్యాక వాడే నాకు చెప్పాడు. "పెద్దమ్మ మా కోసం మార్చింది మమ్మీ, షీ ఈజ్ స్వీట్" అని నవ్వాడు.

అన్న నన్ను చూస్తే గట్టిగా కొట్టడు, ఈసారి చూపిస్తాను అని వాడు వెంకీతో అన్నాడట. వెంకీ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు.

ఆ కథలన్నీ కలిపి పిల్లల పుస్తకం వేయిస్తున్నారు కదా. ఆ కథ ఉన్నదున్నట్టు రాయండి, లేదా పుస్తకం ఆపేయండి. ఇంకెవరి పిల్లలకూ ఆ నవ్వు అమ్మకండి.

ఇంకొకటి. మా వాడు ముసుగు ఎత్తాక చాలాసేపు తెలివిలోనే ఉన్నాడు. పక్కన ఉన్నది మీ అబ్బాయి ఒక్కడే. ఏం మాట్లాడాడని ఐసీయూ బయట అడిగితే "గుర్తు లేదు పిన్నీ" అన్నాడు. నేల చూస్తూ అన్నాడు. వాడు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేను. వాడు అబద్ధం ఆడితే నాకు తెలుస్తుంది.

శేషుకుమారి


మాసన్ లేక్స్,
జూన్ 20.

శేషూ,

"గారు" అని నువ్వు రాయడం చూశాక రెండు రోజులు ఆ కాగితం మళ్ళీ తెరవలేదు. అలాగే పిలువు. ఏదో ఒకటి పిలువు.

ఇరవయ్యేళ్ళ కుర్రాడు చిన్నప్పటి కథ కోసం అంగీ మార్చుకోడని నీకు జవాబు రాయబోయాను. రాసి చింపేశాను. కథ కోసం కాదు, అన్న తనని పసివాడిలా చూస్తున్నాడన్న ఉడుకు కొద్దీ వేసుకున్నాడు. కాని ఎలా వేసుకోవాలో కథే చెప్పింది. అది కాదనలేను.

విజయవాడలో పబ్లిషరుకి ఫోన్ చేసి అచ్చు ఆపమన్నాను. కథ చివర తిరగరాశాను. చూడు:

"ఓస్విన్ అంగీ తొడుక్కోబోతుంటే మాంత్రికుడు ఆపాడు. 'ఇది ఒంటి మీద ఉన్నంతసేపు నీ గొంతు బయటికి రాదు. పిలిచినా వినపడదు. ఆలోచించుకో' అన్నాడు. ఓస్విన్ ఆలోచించలేదు. బరిలో ఎడ్మర్ కత్తి ఎత్తినప్పుడు, 'అన్నా, నేను!' అని అరిచాడు. ఆ అరుపు ఇనుములోనే ఉండిపోయింది. నల్ల వీరుడు నేల మీద పడ్డాడు. జనం కేకలు వేశారు. ఎడ్మర్ గెలిచానని చెయ్యి పైకెత్తాడు. అప్పుడు మాంత్రికుడు జనం మధ్యలోంచి నడిచి వచ్చి, ముసుగు తొలగించి, ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు. ఎడ్మర్ చూశాడు. తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాడు. చీకటి పడే దాకా అక్కడి నుంచి ఎవరూ లేపలేకపోయారు. ఆ తర్వాత అతను కత్తి పట్టలేదు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు."

ఇదే పాత గ్రంథాల్లో ఉన్నది. పదేళ్ళ పిల్లలు దీన్ని ఎలా చదువుతారో నాకు తెలియదు.

ఆదర్శ్‌ని నువ్వు అడిగిందే నేనూ అడిగాను. "అమ్మా, ప్లీజ్" అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ అడిగే ధైర్యం చేయలేదు.

ఉదయక్క


క్రాన్‌బర్న్,
ఆగస్టు 2.

ఉదయక్కకి,

కథ చదివాను. చైల్డ్‌కేర్‌లో భోజనాల వేళ, పిల్లలు పడుకున్నాక, సింకు దగ్గర నిలబడి చదివాను. బాగా రాశావు. నీకు రాయడం వచ్చు, ఆ సంగతి ఎప్పుడూ కాదనలేదు.

కాని వాళ్ళకు తల్లి లేదా? ఆ ఇద్దరినీ కన్నది ఎవరు? నువ్వు మాకు చెప్పిన కథల్లో రాజు ఏడుస్తాడు, గుర్రం ఏడుస్తుంది, మాంత్రికుడు కూడా ఏడ్చిన కథ ఒకటుంది. కొడుకు పోయాడని తల్లికి కబురు చెప్పడానికి ఎవరైనా వెళ్ళారా? ఎవరు వెళ్ళారు? ఆవిడ అప్పుడు ఏం చేస్తోంది?

నాకు కబురు వచ్చినప్పుడు నేను బట్టలు మడత పెడుతున్నాను. వాడు పనికి వేసుకెళ్ళే ప్యాంట్లు.

మా దగ్గర చిన్నపిల్లలు పరిగెత్తి పడతారు. పడగానే ఏడవరు. ముందు మన ముఖం చూస్తారు. మనం కంగారు పడితే ఏడుపు అందుకుంటారు, నవ్వితే లేచి వెళ్ళిపోతారు. కొత్తగా చేరినవాళ్ళకు నేనే ఇది నేర్పుతాను. ఇప్పుడు పిల్లవాడు పడి నా వంక చూస్తే, నా ముఖం ఎలా పెట్టాలో తెలియడం లేదక్కా. పోయిన వారం మా మేనేజరు మంగతాయారు నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి, కొన్నాళ్ళు వంటగదిలో చెయ్యమంది. మంచిదే. ఉల్లిపాయలు తరుగుతున్నాను.

ఈయన వాడి అస్థికలు సముద్రంలో కలుపుదామంటారు. ఇంకా కలపనివ్వలేదు.

ఇలాంటి చావులకు కారణం తేల్చే కోరోనర్ కోర్టు విచారణ నవంబరులో పెట్టారు. ఆదర్శ్‌కీ సమన్లు వచ్చి ఉంటాయి. ఆ రోజు వాడు నా ముందు నిలబడి కూడా "గుర్తు లేదు" అంటే, నాకు ఒక్కడే కొడుకు పోయాడని అనుకోను. ఆ సంగతి వాడికి చెప్పు.

శేషు


మాసన్ లేక్స్,
ఆగస్టు 30.

శేషూ,

చెప్పలేను. చెప్పడానికి వాడు ఇక్కడ లేడు.

నీకు అబద్ధం రాశాను. వాడు యూనికి వెళ్ళడం ఏప్రిల్లోనే మానేశాడు. గదిలో నుంచి వచ్చేవాడు కాదు. జూలైలో నేను కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి బట్టల సంచీ, కవచం ఉన్న పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. మీ బావగారు పోలీసులకు చెబితే, పెద్దవాడు, తన ఇష్టంతో వెళ్ళాడు, క్షేమంగానే ఉన్నాడు, ఎక్కడున్నాడో చెప్పొద్దన్నాడు అన్నారు. ఆదివారాలు ఒక మెసేజ్ వస్తుంది. "ఓకే" అని. అంతే ఉంటుంది అందులో.

నీ కొడుకు పోయిన చోట నా కొడుకు గురించి ఏడవడం సిగ్గనిపించి దాచాను.

విచారణకు నేనూ వస్తానని మెసేజ్ పెట్టాను. "నువ్వొస్తే నేను వెళ్ళను" అని రాశాడు. కాబట్టి రాను. నీకు వాడి సాక్ష్యం కావాలి.

ఒక్కటి అడుగుతున్నాను. నువ్వు వాడితో మాట్లాడక్కర్లేదు. చూసి, ఎలా ఉన్నాడో నాకు రాయి. చిక్కిపోయాడా, జుట్టు కత్తిరించుకున్నాడా, చలికోటు ఉందా. అది చాలు.

తల్లి గురించి రాయమన్నావు. మొదలుపెట్టాను. ఆవిణ్ణి కోటలో కూర్చోబెట్టాను, చేతికి ఏదో పని ఇచ్చాను. కబురు తెచ్చినవాడు గడప దగ్గర ఆగాడు. అంతకు మించి ఒక్క వాక్యం కదలడం లేదు.

అక్క


క్రాన్‌బర్న్,
నవంబరు 17.

అక్కా,

చిక్కిపోయాడు. బాగా. జుట్టు తనే కత్తిరించుకున్నట్టుంది, చెవుల దగ్గర మెట్లు మెట్లుగా ఉంది. బావగారి పాత కోటు వేసుకున్నాడు. అడిగావు కాబట్టి ముందు అది రాశాను.

విచారణ రెండు రోజులు జరిగింది. మొదటి రోజు హెల్మెట్ల గురించి, క్లబ్బు నియమాల గురించి. డాక్టరు వచ్చి పుర్రె లోపల రక్తం మెల్లగా చేరిందని, మొదటి గంట మనిషి మామూలుగానే కనిపిస్తాడని చెప్పాడు. త్వరగా తీసుకొస్తే బతికేవాడా అని అడిగారు. "అవకాశం ఉండేది" అన్నాడు. ఈయన నా చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకున్నాను.

రెండో రోజు ఆదర్శ్‌ని పిలిచారు. అన్నీ చెప్పాడు. ఎక్కడ నిలబడ్డాడు, ఎటు నుంచి కొట్టాడు, ఏదీ తగ్గించలేదు. అప్పుడు లాయరమ్మ అడిగింది, జయంత్ ఏమైనా అన్నాడా అని. "ఐ డోంట్ రిమెంబర్." మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట, నేల చూస్తూ.

నేను లేచాను. లేవకూడదు, తెలుసు. "ఆదర్శ్, పిన్నినిరా. ఇటు చూడు" అన్నాను. కోర్టులో ఆయనెవరో నా వైపు రాబోతే కోరోనర్ ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

వాడు చూశాడు.

"చెప్పరా. ఎంత చెడ్డ మాటైనా సరే."

"ప్రామిస్ చేశాను పిన్నీ."

"ఎవరికి?"

"వాడికే."

"వాడు లేడు కదరా. ఇంకెవరి కోసం దాస్తావు?"

వాడు బల్ల అంచు పట్టుకున్నాడు. తెలుగులోనే చెప్పాడు. నా కోసం అనుకుంటాను. మైకు ముందు, అందరి ముందు.

"ముసుగు ఎత్తి నవ్వాడు పిన్నీ. 'గాట్ యూ, గుర్తుపట్టలేదు కదా!' అన్నాడు. నా వైపు చూస్తున్నాడు. బాగానే ఉన్నాడనుకుని నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వాం. తర్వాత తల పట్టుకుని, కొంచెం తిరుగుతోంది అన్నాడు. ఫస్ట్ ఎయిడ్ టెంట్‌కి వెళ్దాం రా అన్నాను. వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తారు, వద్దన్నాడు. 'అమ్మకి చెప్పకు. తెలిస్తే మళ్ళీ ఆడనివ్వదు. ప్రామిస్?' అన్నాడు. ఓకే అన్నాను. నీళ్ళు తాగి గడ్డి మీద పడుకున్నాడు. నీ నంబరు తీశాను పిన్నీ. ఫోను చేతిలో పట్టుకుని వాడి పక్కనే కూర్చున్నాను. చెయ్యలేదు. నిద్రపోయాడనుకున్నాను."

కోర్టు దుబాసీ ఆవిడ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది.

నాకు తెలుసక్కా ఆ మాట. మూడో క్లాసులో పన్ను విరిగినప్పుడూ అదే, కారు గీసుకుపోయినప్పుడూ అదే. అమ్మకి చెప్పకు. నేను అంత భయపెట్టానా వాణ్ణి? ఏమీ అనేదాన్ని కాదే! మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టేదాన్ని.

ఆదర్శ్ మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఒక్క ఫోను. వాణ్ణి క్షమించానని నీకు రాయను, రాస్తే అబద్ధమవుతుంది. అయినా వాడు మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళాను. ఎందుకో తెలియదు. నేను రోడ్డు మీదికి వచ్చేసరికి ట్రామ్ ఎక్కేశాడు.

ఎవరి తప్పూ కాదనే తేలుస్తారని లాయరు అంటున్నాడు. ఎవరిదీ కాకపోతే దీన్ని నేను ఎక్కడ దించుకోవాలి?

శేషు


మాసన్ లేక్స్,
డిసెంబరు 11.

శేషూ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి కారు తుడిచారు. శుభ్రంగానే ఉన్న కారు.

నువ్వు భయపెట్టలేదు. పిల్లలు తల్లికి దాచేది భయపడి కాదు, తల్లి కంగారు చూడలేక. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. నా కొడుకు కూడా నాకు అందుకే దాచాడు.

అంతా తెలిసిందని, ఇంటికి రమ్మని వాడికి మెసేజ్ పెట్టాను. చదివినట్టు గీతలు నీలమయ్యాయి. జవాబు లేదు. పోయిన ఆదివారం "ఓకే" కూడా రాలేదు. పోలీసులు చూస్తామన్నారు.

ఆ కథ పుస్తకం నుంచి తీసేశాను. నవ్వుతో రాయలేను, నవ్వు లేకుండా పిల్లల చేతికి ఇవ్వలేను. మిగతా పదకొండు కథలూ అచ్చుకి వెళ్ళాయి. వచ్చినా నేను తెరుస్తానో లేదో.

నువ్వు మెట్లు దిగి వాడి వెనక వెళ్ళావని రాశావు. ఆ వాక్యం రోజూ చదువుకుంటున్నాను.

అక్క


క్రాన్‌బర్న్,
జనవరి 8, మధ్యాహ్నం.

అక్కా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. రాయగానే ఫోటో తీసి నీ ఫోనుకి పంపిస్తాను. నీ నంబరు ఇందాకే విడిపించాను. ఫోన్ చెయ్యకు. గోడ అవతలే వాడు నిద్రపోతున్నాడు. నా గొంతు వింటే లేస్తాడు, లేస్తే వెళ్ళిపోతాడని భయంగా ఉంది. మాట్లాడితే నేను చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేను కూడా.

ఆదర్శ్ పొద్దున వచ్చాడు. మిల్డ్యురా దగ్గర ద్రాక్షతోటల్లో పని చేస్తున్నాడట. ఎవరిదో పాత యూట్ ట్రక్కు తోలుకుని వచ్చి, బయటే ఆపి, ఎండలో లోపలే కూర్చున్నాడు. ఈయన వెళ్ళి అద్దం తట్టారు. అప్పుడు దిగాడు.

కవచం పెట్టె దించి హాల్లో పెట్టాడు. పైన, ఆ రోజు తన దగ్గరే ఉండిపోయిన జయంత్ వాచీ పెట్టాడు, తన పాస్‌పోర్టు పెట్టాడు, లాప్‌టాప్ పెట్టాడు. "ఇవి నీ దగ్గర ఉంచు పిన్నీ. నాకింక అక్కర్లేదు" అన్నాడు. నెమ్మదిగా, చాలా మర్యాదగా అన్నాడు. వాడు ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు.

"ఎక్కడికి వెళ్తున్నావురా?" అన్నాను.

"ఎక్కడికీ లేదు."

దాచి మాట్లాడటం నాకు ఇక చేతకాదు. "చచ్చిపోదామనుకుంటున్నావా?" అని అడిగేశాను.

ఈసారి నేల చూడలేదక్కా. నన్నే చూశాడు.

"అమ్మకి చెప్పకు పిన్నీ" అన్నాడు.

యూట్ తాళాలు వాడి చేతిలోంచి లాక్కున్నాను. అవి ఇంకా నా ఎడమ పిడికిట్లోనే ఉన్నాయి, ఆ పిడికిలితోనే కాగితం అదిమిపట్టి రాస్తున్నాను. ఈయన క్రైసిస్ హెల్ప్‌లైనుకి ఫోన్ చేశారు. వాళ్ళు చెప్పినట్టు వాణ్ణి ఒంటరిగా వదలడం లేదు. సాయంత్రం ఐదింటికి మానసిక వైద్యుల బృందం ఇంటికే వస్తోంది. జయంత్ గది తెరిచి పడుకోమన్నాను. గడపలో కాసేపు నిలబడిపోయాడు. "పడుకోరా, దుప్పట్లు మార్చాను" అన్నాను. మార్చలేదు. మార్చి నెల నుంచి మార్చలేదు. పడుకున్నాడు. ఈయన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

వాడి మీద నా కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. అది తర్వాత చూసుకుంటాను.

వాడు చెప్పకు అన్నాడు. ప్రామిస్ చెయ్యమని కూడా అడిగాడు, చిన్నపిల్లాడిలా. నేను చెయ్యలేదు.

అక్కా, చెప్తున్నాను. వెంటనే బయల్దేరు.

శేషు